అక్కడ నీళ్లు నిలబెట్టమంటారు, ఇక్కడ తీసేయమంటారు: పీట్ నేలలు, వరి కయ్యలు, మీథేన్ జీవులు

(నెల్లూరులో రైతులు, డిగ్రీ విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో ఒక విశ్రాంత మైక్రోబయాలజీ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినపడుతోంది కదా? సరే.

సభ మొదలుకాక ముందు కోవూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి అడిగారు. "సార్, మొన్న పేపర్లో చదివినా. చిత్తడి నేలలు ఎండిపోతే భూమి వేడెక్కుతుందంట, వాటిల్లో మళ్లీ నీళ్లు నింపాలంట. మా దగ్గరికొచ్చే ఆఫీసరేమో వరిలో నీళ్లు నిలబెడితే భూమి వేడెక్కుద్ది, తీసెయ్యండి అంటుండాడు. ఎవురి మాట నమ్మేది?"

అయ్యా, రెండు మాటలూ నిజమే. పేపరు రాసినవాడూ అబద్ధం చెప్పలేదు, ఆఫీసరూ చెప్పలేదు. రెండు చోట్లా పని చేసేది ఒకే రకం సూక్ష్మజీవులు, రెండు చోట్లా వచ్చేది ఒకే గ్యాసు. మరి మందు ఎందుకు తిరగబడింది? అది చెప్పాలంటే ముందు ఆ జీవులు ఎవరో చూడాలి, తర్వాత మన జిల్లా దాటి చాలా దూరం వెళ్లి రావాలి. కాస్త ఓపిక పట్టండి.

వరి పండించేవాళ్లందరికీ ఈ సంగతి అనుభవమే. దమ్ము చేసి, నాట్లు వేసి నెల దాటిందనుకోండి. కయ్యలోకి దిగితే మడమ పక్కనుంచి బుడబుడమని బుడగలు లేస్తాయి. కాలు అదిమితే ఇంకా లేస్తాయి. ఆ బుడగల్లో మీథేన్ ఉంటుంది. గోబర్ గ్యాస్ పొయ్యిలో మండేది అదే. 1776లో వోల్టా అనే ఇటలీ శాస్త్రవేత్త మాజియోరె సరస్సు ఒడ్డున బురదని కర్రతో కెలికి, లేచిన బుడగల్ని సీసాలో పట్టి, అవి మండుతాయని చూపించాడు. బ్యాటరీ కనిపెట్టిన వోల్టా ఈయనే. బ్యాటరీ కంటే ముందు ఆయన చేసిన పని ఈ బురద పని.

గ్యాసు సంగతి అప్పుడే తెలిసినా, దాన్ని తయారుచేసేవాళ్ల అసలు పుట్టుక తెలియడానికి ఇంకో రెండు వందల ఏళ్లు పట్టింది. చాలాకాలం వాటిని బ్యాక్టీరియా అనే అనుకున్నారు. మైక్రోస్కోపులో చూస్తే అలాగే కనపడతాయి మరి. 1977లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ అనే ఇద్దరు వాటి రైబోజోముల్లోని ఆర్ఎన్ఏని పోల్చి చూసి, ఇవి బ్యాక్టీరియా కానే కావు, వేరే వంశం అని తేల్చారు. ఆ వంశాన్నే ఇప్పుడు ఆర్కియా అంటున్నాం. మనిషికీ మర్రిచెట్టుకీ మధ్య ఉన్న దూరం కంటే బ్యాక్టీరియాకీ వీటికీ మధ్య దూరం ఎక్కువ. మీథేన్ తయారుచేయడమే బతుకుతెరువుగా పెట్టుకున్న జీవులుగా మనకి తెలిసినవి ఆర్కియాలోనే ఉన్నాయి. శాస్త్రంలో మిథనోజెన్లు అంటారు. ఈ మాట ఇవాళ చాలాసార్లు వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

వీటికి ఆక్సిజన్ పడదు. గాలి సోకని చోటే వీటి కాపురం. వరి కయ్య బురద, చెరువు అడుగు, మురుగు ట్యాంకు, చెదపురుగు కడుపు, ఆవు పొట్ట. ఆవు అంటే మన ఒంగోలు గిత్త గుర్తొచ్చింది. మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల పశువుల్ని 19వ శతాబ్దం నుంచి ఓడల్లో బ్రెజిల్ తీసుకెళ్లారు. అక్కడ ఆ జాతి పేరే నెలోర్. బ్రెజిల్లో ఇప్పుడు 20 కోట్లకి పైగా పశువులుంటే అందులో ఎక్కువ భాగం నెలోర్ రక్తమే. వాటి పొట్టలో మేత పులిసేటప్పుడు పుట్టే హైడ్రోజన్ని ఈ మిథనోజెన్లే తిని మీథేన్‌గా మారుస్తాయి, పశువు దాన్ని త్రేన్పుల్లో వదులుతుంది. వెనకనుంచి పోతుందని చాలామంది అనుకుంటారు, అక్కడ పోయేది కొంచెమే, తొంభై పాళ్లకి పైగా నోటి నుంచే. బ్రెజిల్ మీథేన్ లెక్కల్లో మన ఊరి పేరున్న పశువులు ముందు వరసలో ఉన్నాయన్న మాట. గర్వపడాలో సిగ్గుపడాలో మీరే తేల్చుకోండి.

సరే, బురదలోకి వద్దాం. కయ్యకి నీళ్లు పెట్టగానే మీథేన్ రాదు. రెండు మూడు వారాలు పడుతుంది. ఎందుకంటే పెళ్లిలో బంతి భోజనాల్లాగే ఇక్కడా వరస ఉంది. మట్టిలో కుళ్లే గడ్డీ వేళ్లే అందరికీ విందు. మొదటి బంతిలో ఆక్సిజన్ పీల్చే సూక్ష్మజీవులు కూర్చుంటాయి. నీళ్లు నిలిచాక ఆక్సిజన్ ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. తర్వాత నైట్రేట్ వాడుకునేవి, ఆ వెనక మాంగనీస్ వాడుకునేవి, తర్వాత ఇనుము, తర్వాత సల్ఫేట్. వీళ్లందరూ తిని లేచాక, ఇంక పీల్చడానికి ఏమీ మిగలనప్పుడు ఆఖరి బంతిలో కూర్చునేవి మిథనోజెన్లు. వాటికి మిగిలేది అసిటేట్, అంటే మన వెనిగర్లో ఉండే ఆమ్లం లాంటిది, ఇంకా కాస్త హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్. వరి నేలల్లో మీథేన్ సుమారు మూడింట రెండొంతులు అసిటేట్ నుంచి, ఒక వంతు హైడ్రోజన్ నుంచి వస్తుందని పాఠ్యపుస్తకాల లెక్క. మధ్యలో ఎవరైనా కయ్య ఆరబెట్టి గాలి తగలనిస్తే, వడ్డన మళ్లీ మొదటి బంతి నుంచి మొదలవుతుంది. మిథనోజెన్లు మళ్లీ వారాల తరబడి కాచుక్కూర్చోవాలి. నేను తర్వాత చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది.

మైక్రోబయాలజీ పిల్లల కోసం ఒక ముక్క. మిథనోజెన్లన్నిటిలో ఆఖరి మెట్టు ఒకటే ఎంజైమ్: మిథైల్ కోఎంజైమ్ ఎం రిడక్టేజ్. దాని నడుమ నికెల్ లోహం ఉంటుంది. దాని జన్యువు పేరు ఎంసీఆర్ఏ. మట్టి తెచ్చి అందులో ఆ జన్యువుని వెతికితే, జీవిని పెంచి చూడాల్సిన అవసరం లేకుండా ఎవరున్నారో తెలుస్తుంది. ఆక్సిజన్ తగలకుండా వీటిని సీసాలో పెంచడమంటే చాలా టెన్షన్ పని. అందుకే ఈ పద్ధతి వచ్చాక ఈ రంగం పరుగెత్తింది.

ఇంకొకటి మీరే చూడొచ్చు, ల్యాబ్ అక్కర్లేదు. నాటిన నలభై రోజుల వరి దుబ్బుని మట్టితో సహా పైకి లాగి నీళ్లలో మెల్లగా కడగండి. చుట్టూ మట్టి నల్లగా, బూడిద రంగులో ఉంటుంది. వేళ్ల మీద మాత్రం ఎర్రగా తుప్పు పట్టినట్టు పొర ఉంటుంది. అది నిజంగా తుప్పే, ఇనుము ఆక్సైడు. గాలిలేని బురదలో తుప్పు ఎక్కడిది? వరి మొక్క ఆకుల నుంచి వేళ్ల దాకా లోపల గాలి గదులు కట్టుకుంటుంది. వాటిలోంచి ఆక్సిజన్ కిందికి దిగి, వేరు పక్కన కొంచెం బయటికి కారుతుంది. అక్కడున్న ఇనుము తుప్పు పడుతుంది. అదే దారిలో బురదలోని మీథేన్ పైకి వస్తుంది. పంట ఎదిగిన కయ్యలోంచి పోయే మీథేన్‌లో తొంభై శాతం దాకా మొక్క లోపలి దారిలోనే పోతుంది. మనకి కంటికి కనపడే బుడగలది చిన్న వాటా. వేరు చుట్టూ ఉన్న ఆ పల్చని ఆక్సిజన్ పొరలో మీథేన్‌ని తినే బ్యాక్టీరియా కూడా కాపురముంటాయి. వాటిని మిథనోట్రోఫులంటారు. ఒకరు తయారుచేస్తుంటే ఇంకొకరు తింటుంటారు. గాల్లోకి పోయేది ఆ రెంటి మధ్య తేడా మాత్రమే.

తీరం వైపు నుంచి వచ్చినవాళ్లు రొయ్యల గుంటల సంగతి అడుగుతారు. పట్టుబడి అయ్యాక గుంట ఎండగడితే అడుగున నల్లమట్టి, కుళ్లిన గుడ్ల కంపు. ఆ కంపు మీథేన్‌ది కాదు, మీథేన్‌కి వాసనే లేదు. అది హైడ్రోజన్ సల్ఫైడ్. సముద్రపు నీళ్లలో సల్ఫేట్ దండిగా ఉంటుంది కాబట్టి ఉప్పునీటి బురదలో సల్ఫేట్ వాడుకునే బ్యాక్టీరియా హైడ్రోజన్, అసిటేట్ రెండూ ముందే లాగేసుకుంటాయి. మిథనోజెన్లకి పెద్దగా ఏమీ మిగలదు. మంచినీటి చేపల చెరువులో ఆ అడ్డం ఉండదు. పక్కపక్కనే ఉన్న రెండు గుంటల్లో ఒకదాన్నుంచి ఎక్కువ, ఒకదాన్నుంచి తక్కువ మీథేన్ రావడానికి ఒక ఉప్పు చాలు. గుంటల గురించి ఇంకా చాలా చెప్పొచ్చు గానీ ఇవాళ్టి దారి వేరే.

మీథేన్ అంటే ఇంత గొడవ ఎందుకు? పరిశ్రమలు రాకముందు, అంటే 1750 ప్రాంతంలో, గాలిలో 100 కోట్ల అణువులు తీసుకుంటే మీథేన్‌వి 700 పైచిలుకు. ఇప్పుడు 1,900 దాటాయి. టన్నుకి టన్ను పోలిస్తే, వందేళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో సుమారు 80 రెట్లు వేడి పుట్టిస్తుంది. అయితే దానికి ఆయుష్షు తక్కువ. పన్నెండేళ్లకి కాస్త అటూ ఇటుగా గాలిలోనే రసాయన చర్యలతో కరిగిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు. ఇవాళ వదిలిన దాంట్లో గణనీయమైన భాగం మన మునిమనవళ్లు ముసలివాళ్లయ్యేదాకా ఉంటుంది. మీథేన్ గట్టిగా కొట్టి త్వరగా పోతుంది, కార్బన్ డయాక్సైడ్ మెల్లగా కొట్టి పోకుండా కూర్చుంటుంది. ఈ తేడా లేకపోతే ఇందాక పెద్దాయన అడిగిన ప్రశ్నకి జవాబు లేదు.

ఇప్పుడు పీట్, అంటే పెద్దాయన పేపర్లో చదివిన చిత్తడి నేలల రకం. నెల్లూరులో పీట్ నేలలు చూపించమంటే నేను చూపించలేను. దగ్గర్లో చూడాలంటే నీలగిరి కొండల మీద లోయల్లో ఉంది. ఆ పీట్ పొరల్ని తవ్వి, అందులోని కార్బన్‌ని బట్టి గత ఇరవై వేల ఏళ్ల రుతుపవనాల చరిత్రని శాస్త్రవేత్త ఆర్. సుకుమార్ బృందం 1993లో 'నేచర్' పత్రికలో ప్రచురించింది. కేరళలో కుట్టనాడులో నల్లటి కరి నేలలున్నాయి, సముద్రమట్టం కంటే కిందున్న ఆ నేలల్లో వరి పండిస్తారు. అసలైన పెద్ద పీట్ భూములు మాత్రం రష్యా, కెనడా, ఫిన్లాండ్, స్వీడన్, ఇండోనేసియా, కాంగోల్లో ఉన్నాయి.

పీట్ అంటే కుళ్లీ కుళ్లని మొక్కల నేల. నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండే చోట నాచు, తుంగ, చెట్ల ఆకులు చచ్చి అడుగున పడతాయి. ఆక్సిజన్ లేక అవి పూర్తిగా కుళ్లవు. ఏడాదికి అటూ ఇటుగా ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుంటూ పోతాయి. ఐదు మీటర్ల పీట్ ఉందంటే సుమారు ఐదు వేల ఏళ్ల పంట అక్కడ నిలవ ఉందన్న మాట. చల్లటి దేశాల్లో స్ఫాగ్నం అనే నాచు నీళ్లని పుల్లగా కూడా చేస్తుంది. 1950లో డెన్మార్క్‌లో పొయ్యిలోకి పీట్ తవ్వుతున్నవాళ్లకి ఒక మనిషి శవం దొరికింది. గడ్డం మీద మాసిన వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, మెడలో తోలు తాడు అన్నీ అలాగే ఉన్నాయి. నిన్నమొన్న జరిగిన హత్యేమోనని పోలీసుల్ని పిలిచారు. తీరా చూస్తే ఆయన చనిపోయి 2,300 ఏళ్లకి పైనే అయింది. పీట్‌లో కుళ్లడం ఎంత నెమ్మదో ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఎందుకు కుళ్లదు అన్నదానికి 2001లో క్రిస్ ఫ్రీమన్ అనే వేల్స్ శాస్త్రవేత్త చక్కటి వివరణ ఇచ్చాడు. మొక్కల్లోంచి ఫినాల్ పదార్థాలు ఊరతాయి. అవి కుళ్లబెట్టే ఎంజైముల్ని పని చేయనివ్వవు. ఆ ఫినాల్స్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది గానీ దానికి ఆక్సిజన్ కావాలి. నీళ్లలో ఆక్సిజన్ లేదు. అంతే, పని అక్కడితో ఆగిపోయింది. ఆ నేలకి కాస్త గాలి తగిలితే చాలు, ఆ ఒక్క ఎంజైమ్ లేస్తుంది, వెనకాలే మిగతావన్నీ లేస్తాయి.

ఇలా పేరుకున్నది తక్కువేమీ కాదు. పీట్ భూములు మొత్తం నేలలో మూడు శాతమే. వాటిలో దాగిన కార్బన్ 50 వేల కోట్ల టన్నులకి పైనే. ప్రపంచంలోని అడవుల్లో చెట్లన్నీ కలిపి దాచుకున్నదానికంటే ఎక్కువ. కాంగో నది మధ్య భాగంలో ఇంత పీట్ ఉందని లోకానికి సరిగ్గా తెలిసింది 2017లో. సుమారు లక్షా 45 వేల చదరపు కిలోమీటర్లు, అందులో 3 వేల కోట్ల టన్నుల కార్బన్. మన రాష్ట్రం దాదాపు అంత ఉంటుంది, పొడవూ వెడల్పూ పీటే అనుకోండి. ఇంకో సంగతి. కృష్ణపట్నం థర్మల్ కేంద్రంలో మండే బొగ్గుంది చూశారా, మన దేశపు గోండ్వానా బొగ్గంతా పాతిక కోట్ల ఏళ్లకి పైబడిన పీటే. పీట్ కాలిస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఇండోనేసియా దాకా పోనక్కర్లేదు.

మరి పీట్‌లో మిథనోజెన్లు లేవా? దండిగా ఉన్నాయి. నీటిమట్టం కింద అవి మీథేన్ చేస్తుంటాయి. పైన నాచు పొరలో మిథనోట్రోఫులు చాలావరకు తినేస్తుంటాయి. నీటిమట్టం నేల పైకి వస్తే తినేవాటికి ఆక్సిజన్ ఉండదు, మీథేన్ బయటికొస్తుంది. నీటిమట్టం ఒకటి రెండు జానలు కిందుంటే చాలావరకు మధ్యలోనే ఖర్చయిపోతుంది. తుంగ జాతి మొక్కలుంటే మాత్రం, మన వరి లాగే, లోపలి దారిలోంచి మీథేన్‌ని నేరుగా బయటికి వదిలేస్తాయి. స్వీడన్ ఉత్తరాన స్టోర్డాలెన్ అనే చోట గడ్డకట్టిన పీట్ కరుగుతోంది. అక్కడ కరిగిన చోట్ల మీథేన్ ఎక్కువ చేసేది ప్రధానంగా ఒకే జాతి మిథనోజెన్ అని 2014లో తేల్చి, దానికి మిథనోఫ్లోరెన్స్ అని పేరు పెట్టారు. అమెరికాలోని మిన్నెసోటాలో పీట్ బీడు మీద పెద్ద పెద్ద గదులు కట్టి, లోపల గాలినీ నేలనీ 9 డిగ్రీల దాకా వేడి చేసి చూస్తున్నారు. వేడి పెరిగిన కొద్దీ ఆ నేల కార్బన్ దాచుకోవడం మాని వదలడం మొదలుపెట్టింది, మీథేన్ కూడా పెరిగింది. వేడి పెరిగితే మీథేన్, మీథేన్ పెరిగితే వేడి. దీన్ని తలుచుకుంటే నిద్రపట్టని శాస్త్రవేత్తలున్నారు.

అలాంటప్పుడు పీట్‌లో నీళ్లు తీసేస్తే మీథేన్ ఆగిపోతుంది కదా, మంచిదే కదా అనిపిస్తుంది. తీసేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల కథ వరి రైతులు వినాలి.

1996లో ఇండోనేసియాలో అధ్యక్షుడు సుహార్తో ఒక పథకం పెట్టాడు. బోర్నియో దీవిలోని మధ్య కాలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్ల పీట్ అడవిని వరి పొలాలుగా మార్చాలని. అడవి కొట్టారు, వేల కిలోమీటర్ల కాలవలు తవ్వారు. ఆ కాలవలు నీళ్లు తేలేదు, ఉన్న నీళ్లని తోడేశాయి. పుల్లటి పీట్‌లో వరి పండలేదు. పథకం రెండు మూడేళ్లలోనే మూలపడింది. 1997లో ఎల్ నినో కరువొచ్చింది. ఎండిన పీట్ అంటుకుంది. పీట్ మంట పైకి కనపడదు, నేల లోపల నెలల తరబడి రాజుకుంటూ పోతుంది. ఆ ఒక్క ఏడాది ఇండోనేసియాలో పీట్, అడవి కాలి గాల్లో కలిసిన కార్బన్ 81 కోట్ల నుంచి 257 కోట్ల టన్నులని 2002లో వచ్చిన అంచనా. ఆ ఏడాది ప్రపంచమంతా బొగ్గు, పెట్రోలు కాల్చి వదిలినదాంట్లో ఇది 13 నుంచి 40 శాతం. సింగపూర్, మలేసియాల్లో పొగకి జనం ముక్కుకి గుడ్డ కట్టుకు తిరిగారు. వరి కోసం చేసిన పని అది.

మంట లేకపోయినా నష్టం ఆగదు, కనపడదంతే. ఇంగ్లండులో హోమ్ ఫెన్ అని ఒక పీట్ భూమి ఉంది. 1850ల మొదట్లో అక్కడి సరస్సుని ఎండబెట్టి పొలాలు చేసేటప్పుడు ఒక ఇనప స్తంభాన్ని నేలలోకి దింపారు, పై కొన నేలమట్టంగా. ఇప్పుడు ఆ స్తంభం నాలుగు మీటర్లు పైకి నిలబడి ఉంది. స్తంభం పెరగలేదు, నేల దిగిపోయింది. కొంత మట్టి కుంగి నొక్కుకుపోతే, మిగతాది కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి పోయింది. రెండు నిలువుల లోతు నేల మాయమైందన్న మాట. ప్రపంచంలో ఇలా ఎండబెట్టిన పీట్ మొత్తం పీట్‌లో 12 శాతం ఉంటుంది. అదొక్కటే ఏడాదికి సుమారు 200 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది. మనుషుల వల్ల వచ్చే మొత్తంలో నాలుగు శాతం.

కాబట్టి మళ్లీ నీళ్లు నింపండి అంటున్నారు. నింపితే మీథేన్ వస్తుంది, అందులో దాపరికం లేదు. మొదటి కొన్నేళ్లు కాస్త ఎక్కువే రావచ్చు. అయినా ఎందుకు నింపాలి? 2020లో జర్మన్ శాస్త్రవేత్తలు లెక్క కట్టి చూపించారు. మీథేన్ పోగుపడదు, వచ్చింది వచ్చినట్టు పదేళ్లూ పన్నెండేళ్లలో పోతుంటుంది. ఎండిన పీట్ వదిలే కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఏటికేడు పోగవుతూ, వేల ఏళ్ల నిలవ అయిపోయేదాకా వస్తూనే ఉంటుంది. ఆలస్యం చేసిన కొద్దీ పాత బాకీ పెరుగుతుంది. 2021లో ఇంకో అధ్యయనం నీటిమట్టానికే అంకె ఇచ్చింది. ఎండబెట్టిన పీట్‌లో నీటిమట్టాన్ని ప్రతి 10 సెంటీమీటర్లు పైకి తెస్తే, హెక్టారుకి ఏడాదికి కనీసం 3 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన మేలు. నేలకి 30 సెంటీమీటర్ల లోతుకి వచ్చేదాకా ఈ లెక్క వర్తిస్తుంది. అంటే పొలం ముంచేయక్కర్లేదు, మట్టం పైకి తెస్తే చాలు, సేద్యం మానేయకుండానే మేలు.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకి వస్తున్నాను. మన వరి కయ్యలో ఐదు వేల ఏళ్ల నిలవ లేదు. మన మిథనోజెన్లు తినేది పోయిన పంట దుబ్బులు, గడ్డి, ఈ పంట వేళ్ల నుంచి ఊరే రసం. అంటే ఈ ఏడాదీ పోయిన ఏడాదీ మొక్క గాల్లోంచి తీసుకున్న కార్బన్. కయ్య ఆరబెడితే అది కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి పోతుంది, వచ్చే పంట మళ్లీ దాన్ని తీసుకుంటుంది. కొత్త బాకీ ఏమీ లేదు. అదే కార్బన్ మీథేన్‌గా పోతే వందేళ్ల లెక్కలో 27 రెట్ల దెబ్బ. అందుకని ఇక్కడ ఆరబెట్టడం లాభం, అక్కడ ఆరబెట్టడం నష్టం. కింద నేలలో ఏముందో చూడకుండా నీళ్లు మంచివా చెడ్డవా అని అడిగితే జవాబుండదు.

ఈ మాట చెప్పి, మన రైతుల మీద నెపం వేసే లెక్కల గురించి కూడా చెప్పకపోతే అన్యాయం. 1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ సంస్థ భారతదేశపు వరి నుంచి ఏడాదికి దాదాపు 3 కోట్ల 80 లక్షల టన్నుల మీథేన్ వస్తోందని అంచనా వేసింది. ఇక్కడి పొలాల్లో కొలిచి వేసిన లెక్క కాదు అది. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీకి చెందిన ఎ.పి. మిత్ర 1991లో దేశమంతటా వరి పొలాల్లో కొలతలు పెట్టించారు. మొక్కల మీద పెట్టె బోర్లించడం, సిరంజితో లోపలి గాలి లాగడం, వాయువుల్ని విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో చూడడం, ఇదే పని. వచ్చిన అంకె సుమారు 40 లక్షల టన్నులు. దాదాపు పదో వంతు! మన వరిలో చాలా భాగం వానాధారం, పైగా నీళ్లు మధ్యమధ్యలో ఆరే పొలాలు. ఎవరో ఎక్కడో కూర్చుని వేసిన లెక్కకీ కయ్యలో దిగి కొలిచిన లెక్కకీ ఇంత తేడా ఉంటుంది. పిల్లలూ, మీలో ఎవరైనా పరిశోధనలోకి వస్తే బురదలో దిగడానికి వెనకాడకండి.

అయినా మన డెల్టా కయ్యలు నీళ్లు నిలిచే కయ్యలే. సోమశిల నీళ్లు కాలవకి వదిలితే పంట చివరి దాకా కయ్య నిండుగానే పెట్టుకుంటాం. ఆఫీసరు చెప్పే తడి-పొడి పద్ధతి కష్టమేమీ కాదు. అడుగు కంటే కొంచెం పొడవున్న ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకుని, కింది సగానికి చుట్టూ బెజ్జాలు పెట్టి, 15 సెంటీమీటర్లు పైకి ఉండేలా కయ్యలో దింపి, లోపలి మట్టి తీసేయాలి. గెనిమ మీద నుంచి చేయి చాస్తే అందే చోట పెట్టుకోండి, రోజూ చూడాలి కదా. పైన నీళ్లు ఇంకినా పైపులో నీటిమట్టం కనపడుతుంది. అది నేలకి 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడు మళ్లీ నీళ్లు పెట్టాలి. నాటిన మొదటి రెండు వారాలు మాత్రం ఆరనివ్వకూడదు, ఊద, తుంగ లేస్తాయి. పూత వేళకి వారం ముందు నుంచి వారం తర్వాత దాకా నీళ్లు ఉండాల్సిందే, లేకపోతే తాలు గింజలు. ఈ జాగ్రత్తలతో చేస్తే మీథేన్ సగం దాకా తగ్గుతుంది, నీళ్లు ముప్ఫై శాతం దాకా మిగులుతాయి, దిగుబడి తగ్గదు అని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఏళ్ల తరబడి చూపిస్తోంది. ఒక చిక్కు ఉంది. ఆరబెట్టి తడిపే నేలలో యూరియా చల్లితే నైట్రస్ ఆక్సైడ్ అనే ఇంకో వాయువు కొంత పెరుగుతుంది, అది 270 రెట్ల దెబ్బ. యూరియాని ఒక్కసారే కుమ్మరించకుండా దఫాలుగా వేసుకుంటే మీథేన్‌లో మిగిలిన లాభం ఇందులో పోదు.

నాకు తెలిసి అసలు అడ్డంకి రైతు మొండితనం కాదు. మన కాలవల పద్ధతి. పై కయ్య నిండి పొర్లితే గాని కింది కయ్యకి నీళ్లు రావు. వంతు ఎప్పుడొస్తుందో, మధ్యలో కాలవ ఎప్పుడు కట్టేస్తారో తెలియదు. అలాంటప్పుడు ఉన్న నీళ్లు వదులుకోమంటే ఏ రైతు వదులుకుంటాడు? చివరి భూముల వాళ్లని అడగండి, చెబుతారు. ఫలానా రోజు నీళ్లు కచ్చితంగా వస్తాయని మాట ఇవ్వగలిగితే పైపు ముక్క దానంతటదే పనిచేస్తుంది. ఇవ్వలేకపోతే పైపులు పంచి ఫొటోలు దిగడం దండగ. ఇప్పుడు మీథేన్ తగ్గిస్తే డబ్బిస్తామనే కార్బన్ క్రెడిట్ల కంపెనీలు కూడా ఊళ్లలో తిరుగుతున్నాయి. సంతకం పెట్టే ముందు మీ కయ్యలో మీథేన్ ఎవరు కొలుస్తారు, డబ్బులో మీ వాటా ఎంత అని అడగండి. కాగితం మీద రాయించుకోండి.

ఇక ప్రశ్నలు. అదుగో, ఆ మూల నుంచి.

"సార్, మాది బుచ్చిరెడ్డిపాళెం. మిషన్ కోత అయినాక గడ్డంతా కయ్యలోనే ఉండిపోద్ది. తగలబెడితే కేసంటుండారు, దున్నితే మీథేన్ అంటుండారు. ఏం జేసేది?"

మంచి ప్రశ్న. తగలబెట్టొద్దు, అందులో రెండో మాట లేదు. దున్నేదైతే ఎప్పుడు దున్నుతున్నారన్నదే అసలు సంగతి. నీళ్లు పెట్టడానికి నెల లోపు గడ్డి కలిపితే అదంతా ఆఖరి బంతి వాళ్లకి పోతుంది. నెల కంటే చాలా ముందు, పొడి నేలలో కలిపితే, గాలిలోనే చాలావరకు కుళ్లిపోతుంది. వాతావరణ మార్పుల అంతర్జాతీయ సంఘం లెక్కల్లో రెండో పద్ధతిలో గడ్డి ప్రభావం మొదటి దాంట్లో మూడో వంతు కూడా ఉండదు. మీరు పెద్ద పంటతో ఆపేస్తే ఇబ్బంది లేదు. మార్చిలో కోత, వెంటనే పొడి దుక్కి, తర్వాత నెలల తరబడి ఎండ. కోత కోయగానే ఎడగారుకి, అంటే వెంటనే వేసే రెండో పంటకి, దమ్ము పెట్టేవాళ్లకే కష్టం, మధ్యలో వారాలే ఉంటాయి. వాళ్లు గడ్డిని మిషన్‌తో మోపులు కట్టించి పశువులకి అమ్ముకోవడం మేలు, దుబ్బులు మాత్రం దున్నండి. పిల్లిపెసర, జీలుగ వేసి కలియదున్నే వాళ్లకి కూడా ఇదే వరస. పచ్చిరొట్ట వేయొద్దని నేను అనను, నేలకి అది కావాలి. కలిపాక కాస్త కుళ్లనిచ్చి, ఆ తర్వాత నీళ్లు కట్టండి. ఎన్ని రోజులు ఆగగలరన్నది మీ కాలవ వంతుని బట్టి ఉంటుంది. అది తేల్చుకోవడానికి ఇరిగేషన్ వాళ్లని కూడా ఇలాంటి సభకి పిలిస్తే బాగుంటుంది, వచ్చేసారి పిలవండి.